అంగారకుడి ఆర్బిటర్‌కు రెండు వారాల పరిశీలన ప్లాన్: లెక్కలతో సహా

పరిశీలన ప్లాన్ అనగానే చాలామంది టార్గెట్ల జాబితాతో మొదలుపెడతారు. జెజెరో, గేల్ క్రేటర్లు, ఒలింపస్ మోన్స్ అగ్నిపర్వతం అంటూ గంటలో పాతిక పేర్లు పోగుపడతాయి. ఆ జాబితాతో పని చివర్లో. ముందు తేలాల్సినవి రెండు: గ్రహం చుట్టూ తిరిగే నౌక (ఆర్బిటర్) ఏ క్షణాన ఎక్కడ ఉంటుంది, తీసిన దాంట్లో ఎంత భూమికి చేరుతుంది. ఈ రెండూ తేలాక పాతిక పేర్లలో నాలుగైదు మిగిలితే ప్లాన్ సరిగ్గా సాగుతున్నట్టే.

విజయవాడ, గుంటూరు కాలేజీల్లో ముగ్గురు నలుగురు కలిసి మినీ ప్రాజెక్టుగా చేయడానికి వీలుగా ఇది రాశాం. డబ్బు ఖర్చేమీ లేదు. 8 జీబీ ర్యామ్ ఉన్న లాప్‌టాప్, పైతాన్, అందులో స్పైసీపై ప్యాకేజీ, అరిజోనా స్టేట్ యూనివర్సిటీ ఉచితంగా ఇచ్చే జేమార్స్ (అంగారక పటాల సాఫ్ట్‌వేర్) ఉంటే సరిపోతుంది. పని పంచుకునేటప్పుడు ఒకరికి జ్యామితి, ఒకరికి డేటా లెక్క, ఒకరికి టైమ్‌లైన్ ఇవ్వండి. నాలుగో మనిషి ఏమీ తయారు చేయకూడదు. మిగతా ముగ్గురి లెక్కల్లో తప్పులు పట్టడమే అతని పని.

ముందుగా నౌకను ఖాయం చేసుకోవడం

సాధన కోసం ఒక ఊహా నౌకను తీసుకుందాం. ఎత్తు 400 కిమీ, గుండ్రటి కక్ష్య, గ్రహ మధ్యరేఖకు కక్ష్య వాలు 92.9 డిగ్రీలు. ఈ వాలులో కక్ష్యాతలం సూర్యుడితో పాటే తిరుగుతుంది. అందుకే పగటి వైపు ఎప్పుడు దాటినా కింద స్థానిక సమయం మధ్యాహ్నం 3 గంటల ప్రాంతమే. కెమెరా వరుస వెంట వరుస చదివే రకం: వరుసకు 4096 పిక్సెళ్లు, నేరుగా కిందికి చూస్తే పిక్సెల్‌కు 5 మీటర్లు. అంటే పట్టీ వెడల్పు 20.5 కిమీ. విజయవాడ నుంచి గుంటూరుకు గీత గీసినట్టు కొలిస్తే 30 కిమీ పైనే కాబట్టి ఒకే పట్టీలో రెండు ఊళ్లూ అడ్డంగా పట్టవు. 1.2 కిమీ పొడవున్న ప్రకాశం బ్యారేజీ 240 పిక్సెళ్లలో కనిపిస్తుంది. ఈ కొలత మనసులో ఉంటే "క్రేటర్ మొత్తం తీద్దాం" అనే మాట తేలిగ్గా నోటికి రాదు.

కక్ష్యాకాలం లెక్కకు అంగారకుడి గురుత్వ స్థిరాంకం 42,828 తీసుకోండి (కిలోమీటర్లు, సెకన్లలో). సగటు వ్యాసార్ధం 3389.5 కిమీకి 400 కలిపితే 3789.5. దాని ఘనాన్ని గురుత్వ స్థిరాంకంతో భాగించి, వర్గమూలం తీసి, 6.2832తో గుణిస్తే 7082 సెకన్లు, అంటే 118 నిమిషాలు. నౌక వేగం సెకనుకు 3.36 కిమీ. నేల మీద దాని జాడ మాత్రం సెకనుకు 3.0 కిమీ నడుస్తుంది. ఈ రెండో అంకెను గోడకు అంటించుకోండి. కింద చెప్పే పొరపాట్లలో సగం దీని నుంచే పుడతాయి.

ప్రశ్నను అంకెల్లోకి దించడం

"జెజెరోను గమనించాలి" అంటే ప్రశ్న కాదు. "జెజెరో పడమటి అంచున ఉన్న డెల్టా మీద దుమ్ము పరుచుకున్న తీరు, దుమ్ము ఋతువుకు ముందూ తర్వాతా మారిందా?" అంటే ప్రశ్న. ఇలా అడగ్గానే షరతులు వాటంతటవే బయటికొస్తాయి. ఒకే చోటు రెండుసార్లు తీయాలి. రెండింటిలో ఎండ పడే కోణం 5 డిగ్రీలకు మించి తేడా రాకూడదు. లేకపోతే నీడలో వచ్చిన మార్పును దుమ్ములో వచ్చిన మార్పని పొరబడతాం. పిక్సెల్ 6 మీటర్లు దాటకూడదు.

ఎండ కోణం షరతు చాలా గట్టిది. 3 గంటల కక్ష్యలో జెజెరో అక్షాంశం దగ్గర సూర్యుడు నడినెత్తి నుంచి వాలే కోణం విషువత్తు వేళ 48 డిగ్రీలు, ఉత్తరార్ధపు వేసవి నడుమ 42, శీతాకాలం నడుమ 62. కక్ష్య మారకపోయినా ఋతువుతోనే 20 డిగ్రీలు కదులుతుందన్నమాట. దీనికి తోడు అంగారకుడి మీద సగటు సౌర సమయానికీ (గడియారం చూపేది) నిజ సౌర సమయానికీ (ఆకాశంలో సూర్యుడి చోటును బట్టి వచ్చేది) తేడా దాదాపు 50 నిమిషాల దాకా వెళ్తుంది. ప్లాన్‌లో "3 గంటలు" అని రాసేటప్పుడు అది ఏ సమయమో పక్కనే రాసుకోండి.

అక్షాంశ రేఖాంశాల దగ్గర రెండు ఉచ్చులున్నాయి. జెజెరో 18.4 డిగ్రీల ఉత్తరం, 77.5 తూర్పు. (భూమి మీద ఇవే అంకెలు కామారెడ్డి జిల్లా పడమటి సరిహద్దుకు కాస్త అవతల పడతాయి.) పాత అంగారక పటాలు కొన్నిటిలో రేఖాంశం పడమటికి పెరుగుతుంది. అలాంటి పటం నుంచి అంకె ఎత్తుకుంటే కెమెరా గ్రహానికి అవతలి వైపు ఎక్కడో తేలుతుంది. ఇంత పెద్ద తప్పు ఎలాగూ కంటపడుతుంది, దీనితో భయం లేదు. రెండోది అలా కాదు. అక్షాంశాన్ని గ్రహ కేంద్రం నుంచి కొలిచే పద్ధతి ఒకటి, నేలకు లంబంగా కొలిచే పద్ధతి ఒకటి ఉన్నాయి. అంగారకుడు కొద్దిగా నొక్కుకుపోయిన గోళం కాబట్టి జెజెరో దగ్గర ఈ రెండింటికీ తేడా 0.2 డిగ్రీలు, నేల మీద 12 కిమీ. పటంలో చూస్తే ఏ తేడా కనిపించదు. చిత్రం వచ్చాక చూస్తే డెల్టా ఒక అంచుకు జరిగిపోయి ఉంటుంది, లేదా అసలు ఉండదు.

అవకాశాలు వెతకడం

నౌకలు, గ్రహాల స్థానాలు లెక్కకట్టే స్పైస్ సాఫ్ట్‌వేర్‌కు కావలసిన డేటా ఫైళ్లను (కెర్నళ్లను) జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలోని నైఫ్ బృందం అందరికీ ఉచితంగా ఇస్తుంది. మొదట కావలసినవి మూడు: లీప్ సెకన్ల ఫైలు, గ్రహాల ఆకారం, భ్రమణం చెప్పే ఫైలు, గ్రహాల స్థానాల ఫైలు. స్థానాలకు డీఈ440 చిన్న వెర్షన్ తీసుకోండి, 32 ఎంబీ మాత్రమే. దీనితో అంగారకుడి కేంద్రం స్థానం అడిగితే "డేటా చాలదు" అని ఎర్రర్ వస్తుంది. ఆ ఫైల్లో ఉన్నది అంగారకుడు, దాని ఉపగ్రహాలు కలిసిన ద్రవ్యకేంద్రం మాత్రమే. ఈ సాధనకు ద్రవ్యకేంద్రాన్నే వాడుకోవచ్చు, ఎందుకంటే రెండింటికీ తేడా మీటరు కూడా ఉండదు. దీని కోసం వందల ఎంబీల ఉపగ్రహాల ఫైలు దించుకునే పని పెట్టుకోకండి.

నౌక కక్ష్యను మీరే నిర్మించే ముందు కోడ్‌ను ఒక నిజమైన చిత్రంతో సరిచూసుకోండి. మార్స్ రికనయిసెన్స్ ఆర్బిటర్‌లోని హైరైజ్ కెమెరా చిత్రాల లేబుళ్లలో మొదలైన సమయం, మధ్య బిందువు అక్షాంశ రేఖాంశాలు, ఎండ కోణం, చూపు కోణం అన్నీ ఉంటాయి. ఒక లేబుల్ తీసుకుని, ఆ రోజుకు నౌక స్థానం ఇచ్చే కెర్నల్ ఒక్కటే దించుకుని, ఎండ కోణం లెక్కకట్టండి. 0.1 డిగ్రీ లోపల సరిపోతే కోడ్‌ను నమ్మవచ్చు. సరిపోకపోతే అక్కడే ఆగండి. ఈ మెట్టు దాటేసి ముందుకెళ్లిన జట్టు రెండు వారాలు పనిచేసి తెచ్చేది తప్పు ప్లానే.

ఇప్పుడు జాడల సంగతి. నౌక ఒక చుట్టు తిరిగేలోపు గ్రహం 28.7 డిగ్రీలు తిరుగుతుంది. భూమధ్యరేఖలాంటి దాని మధ్యరేఖ దగ్గర పక్కపక్క జాడల మధ్య దూరం 1700 కిమీ, జెజెరో దగ్గర 1615. నౌకను 20 డిగ్రీల వరకు పక్కకు వాల్చవచ్చు (దీన్నే రోల్ అంటారు) అనుకుంటే కెమెరా అటూ ఇటూ 147 కిమీ చొప్పున అందుకుంటుంది. 1615లో మనకు అందేది 294. సగటున ఐదారు సోల్‌లకు ఒక అవకాశం అన్నమాట (సోల్ అంటే అంగారకుడి మీద ఒక రోజు).

కానీ ఆ సగటును పట్టుకుని ప్లాన్ వేస్తే దెబ్బతింటారు. ఒక సోల్‌లో నౌక 12.54 చుట్లు తిరుగుతుంది, రెండు సోల్‌లలో 25.07. అంటే సోల్ విడిచి సోల్ జాడ దాదాపు అదే చోటికి వస్తుంది, 114 కిమీ మాత్రం పక్కకు జరుగుతుంది. ఫలితంగా జెజెరో మీదికి సోల్ విడిచి సోల్ రెండు మూడు అవకాశాలు గుంపుగా వస్తాయి. తర్వాత దాదాపు పది సోల్‌లు ఏమీ ఉండవు. రెండు వారాల ప్లాన్‌లో ఒక టార్గెట్‌కు దక్కేది బహుశా ఒక్క గుంపే. అది ఎప్పుడు పడుతుందో కక్ష్య ఎత్తు మీద ఆధారపడి ఉంటుంది. ఎత్తు ఒక్క కిలోమీటరు మారినా రెండు సోల్‌లలో జాడ 16 కిమీ జరుగుతుంది.

ఇంకో సూక్ష్మం: నౌక 20 డిగ్రీలు వాలితే నేల మీద చూపు కోణం 20 కాదు, 22.5. గ్రహం గుండ్రంగా ఉండడమే కారణం. దూరం 429 కిమీ అవుతుంది, పిక్సెల్ అడ్డంగా 5.8 మీటర్లకు సాగుతుంది. మన 6 మీటర్ల షరతుకు అంచున నెగ్గుతుంది. షరతుల్లో రోల్ కోణం కాకుండా చూపు కోణమే రాయండి.

గడియారాలు

ఈ పనిలో అన్నిటికంటే ఖరీదైన తప్పులు సమయం దగ్గరే జరుగుతాయి.

స్పైస్ లోపల నడిచే సమయానికీ యూటీసీకీ (ప్రపంచ ప్రామాణిక సమయం) 2017 నుంచి 69.184 సెకన్ల తేడా ఉంది. లీప్ సెకన్ల కెర్నల్ వాడకుండా సెకన్లను మీ చేత్తో మార్చుకుంటే 69 సెకన్లు, నేల మీద 207 కిమీ తప్పిపోతారు. మన లాప్‌టాప్‌లు భారత సమయంలో ఉంటాయి. పైతాన్‌ను "ఇప్పుడు ఎంత" అని అడిగి ఆ జవాబును నేరుగా వాడితే ఐదున్నర గంటల తేడా, దాదాపు 2.8 చుట్లు. మూడోది కాంతి ప్రయాణ కాలం. అంగారకుడు దగ్గరున్నప్పుడు సుమారు 3 నిమిషాలు, దూరంగా ఉన్నప్పుడు 22. ప్లాన్ ఫైల్లో ప్రతి సమయం పక్కన అది నౌక దగ్గర జరిగే సమయమా, భూమికి అందే సమయమా రాయాలి. ఒకే కాలమ్‌లో రెండూ కలిస్తే ఆ ఫైలును బాగుచేయడం కన్నా మళ్లీ రాయడం తేలిక.

ఒక చిత్రం, సెకన్ల లెక్కన

పిక్సెల్ 5 మీటర్లు, నేల వేగం సెకనుకు 3007 మీటర్లు. కాబట్టి ఒక వరుసకు 1.66 మిల్లీసెకన్లు. జెజెరో మీదుగా 60 కిమీ పొడవు కావాలంటే 12,000 వరుసలు, 20 సెకన్లు. పిక్సెల్‌కు 12 బిట్ల చొప్పున 590 మెగాబిట్లు, సగానికి కుదిస్తే 295.

ఇది కాగితం మీది లెక్క. నౌక స్థానం ముందుగా అంచనా వేసిందే కదా. ఆ అంచనాలో ఒక సెకను తప్పితే జాడ వెంట 3 కిమీ తప్పుతుంది. వారం ముందు వేసిన అంచనాకు అటూ ఇటూ 5 సెకన్లు వదలాలనుకుంటే చిత్రం 30 సెకన్లు అవుతుంది, డేటా 444 మెగాబిట్లకు చేరుతుంది. భద్రత కోసం సగం డేటా అదనంగా చెల్లిస్తున్నాం. రెండు రోజుల ముందు తాజా కక్ష్యా లెక్కతో సమయాలు మళ్లీ దిద్దే వీలుంటే 2 సెకన్ల చొప్పున చాలు: 24 సెకన్లు, 355 మెగాబిట్లు. చివరి నిమిషంలో దిద్దుబాటుకు తలుపు తెరిచి ఉంచడం వల్ల దక్కేది ఇదే.

వరుస సమయం అన్నిచోట్లా ఒకటే పెట్టకండి. ఒలింపస్ మోన్స్ శిఖరం దాదాపు 22 కిమీ ఎత్తు. దాని మీదుగా వెళ్లేటప్పుడు నౌకకు నేల 378 కిమీ దూరంలోనే ఉంటుంది, నేల జారే కోణవేగం 6 శాతానికి పైగా పెరుగుతుంది. వెలుగు చాలక 32 వరుసలను ఒకదాని మీద ఒకటి కలిపే కెమెరా అయితే ఆ 6 శాతం రెండు పిక్సెళ్ల మసకగా మారుతుంది. ఎత్తుల పటం చూసి టార్గెట్ టార్గెట్‌కూ వరుస సమయం విడిగా లెక్కకట్టాలి.

14 డిగ్రీల రోల్‌తో ఒక పరిశీలన టైమ్‌లైన్ ఇలా ఉంటుంది. పది నిమిషాల ముందు కెమెరా ఆన్ చేస్తారు, ఉష్ణోగ్రత నిలకడకు రావాలి. చిత్రానికి 230 సెకన్ల ముందు రోల్ మొదలవుతుంది. సెకనుకు 0.1 డిగ్రీ చొప్పున 140 సెకన్లు, ఊగిసలాట ఆగడానికి 90. తర్వాత 24 సెకన్ల చిత్రం. ఆ తర్వాత వెనక్కి తిరగడం. ఆ 90 సెకన్లలో కోత పెట్టాలని ప్రతి జట్టుకూ అనిపిస్తుంది. పెట్టకండి. వణుకు ఆగకముందు తీసిన వరుసలు అలలు అలలుగా వస్తాయి, వాటిని తర్వాత చక్కదిద్దడం మీ వల్ల కాదు.

డేటా పద్దు

భూమి మీద 8 గంటల యాంటెన్నా సమయం దొరికింది అనుకుందాం. నాలుగు చుట్లు. ప్రతి చుట్టులో నౌక గ్రహం చాటుకు వెళ్లినప్పుడు సిగ్నల్ ఉండదు. ఈ ఎత్తులో అది గరిష్ఠంగా దాదాపు 42 నిమిషాలు, లెక్కకు 40 అనుకోండి. మిగిలేది సుమారు 19,000 సెకన్లు. చాటు నుంచి బయటికొచ్చిన ప్రతిసారీ సిగ్నల్ పట్టుకోవడానికి 3 నిమిషాలు తీసేస్తే 18,300. వేగం సెకనుకు 500 కిలోబిట్లు అయితే 9.2 గిగాబిట్లు. నౌక ఆరోగ్య సమాచారం, ఫ్రేముల హెడర్లు, మళ్లీ పంపాల్సినవి అన్నిటికీ కలిపి 15 శాతం తీసేస్తే 7.8. అంటే 355 మెగాబిట్ల చిత్రాలు 21. వెనకటి 5 సెకన్ల పద్ధతిలో అయితే 17.

ఇక్కడ తరచూ జరిగే తప్పు ఒకటుంది. రేడియో పత్రంలో సింబల్ వేగం (కోడింగ్ కోసం చేర్చినవి కూడా కలిసిన వేగం) రాసి ఉంటే దాన్నే బిట్ వేగంగా తీసుకోవడం. తప్పులు సరిదిద్దే కోడింగ్ ఆరింట ఒకటి రకమైతే అసలు సమాచారం ఆ అంకెలో ఆరో వంతే. దూరాన్నీ మరవకండి. దూరం రెట్టింపైతే వేగం నాలుగో వంతు. 0.6 ఖగోళ యూనిట్ల (ఒక యూనిట్ అంటే భూమికీ సూర్యుడికీ మధ్య సగటు దూరం) దూరంలో సెకనుకు 2 మెగాబిట్లు పంపిన నౌక 2.4 యూనిట్ల దగ్గర 125 కిలోబిట్లే పంపుతుంది. మార్చిలో వేసిన ప్లాన్‌ను అక్టోబరుకు కాపీ కొట్టడం అందుకే కుదరదు. సుమారు 26 నెలలకోసారి అంగారకుడు సూర్యుడి వెనక్కి వెళ్తాడు. అప్పుడు రెండు వారాల దాకా కమాండ్లు పంపడం ఆపేస్తారు. మొన్న 2026 జనవరిలో వచ్చింది అదే. మీరు ఎంచుకున్న తేదీలు అలాంటి విరామంలో పడలేదు కదా చూసుకోండి.

రికార్డర్‌లో ఒక పాస్‌కు (యాంటెన్నా దొరికే ఒక విడతకు) సరిపడా చోటు ఎప్పుడూ ఖాళీగా ఉంచండి. భూమి మీద వానకో, యాంటెన్నా మొరాయించో ఒక పాస్ పోతే, నిండిన రికార్డర్ కొత్త చిత్రాన్ని వదిలేయాలి, లేదా పాతదాన్ని తుడిచేయాలి.

ఢీకొనే అవసరాలు

మన నౌకకు యాంటెన్నా ఒంటికి బిగించి ఉంది అనుకుందాం. శనిగ్రహం చుట్టూ 2004 నుంచి 2017 దాకా తిరిగిన కాసినీ అలాంటిదే. పరికరాలు, యాంటెన్నా అన్నీ బిగించినవే కావడంతో చూడడం, పంపడం ఒకేసారి కుదిరేది కాదు. మార్స్ రికనయిసెన్స్ ఆర్బిటర్‌లో యాంటెన్నా విడిగా తిరుగుతుంది, దానికి ఈ బాధ లేదు.

బిగించిన యాంటెన్నాతో జెజెరో అవకాశం డౌన్‌లింక్ (భూమికి డేటా పంపడం) మధ్యలో పడితే ఎంత పోతుంది? భూమి వైపు నుంచి నేల వైపుకు 90 డిగ్రీలు తిరగాలి, 900 సెకన్లు. నిలకడకు 90, చిత్రానికి 24, వెనక్కి 900, సిగ్నల్ పట్టడానికి 180. మొత్తం 35 నిమిషాలు, ఒక గిగాబిట్ పైనే. ఒక చిత్రం కోసం మూడు చిత్రాలు పోయాయి. గ్రహం చాటున ఉన్నప్పుడు తిరిగేస్తే సరిపోదా అనిపిస్తుంది. కుదరదు. అంగారకుడి నుంచి చూస్తే భూమి ఎప్పుడూ సూర్యుడికి 50 డిగ్రీల లోపే ఉంటుంది. అందుకని నేల మీద పగలున్న చోట దాదాపు ఎప్పుడూ భూమి కూడా కనిపిస్తూనే ఉంటుంది. చాటు సమయం ఎక్కువగా చీకటి వైపే పడుతుంది. పగటి చిత్రానికీ డౌన్‌లింక్‌కూ పోటీ ఈ కక్ష్య పుట్టుకలోనే ఉంది.

బెజవాడ స్టేషన్‌లో ప్లాట్‌ఫాం ఖాళీ లేకపోతే బండిని అవుటర్‌లో ఆపుతారు. కక్ష్యలో అవుటర్ లేదు. జెజెరో మీద ఆ 24 సెకన్లు వదిలేస్తే పోయినట్టే. కాబట్టి ముందే ప్రాధాన్య క్రమం రాసుకోవాలి: మళ్లీ చాలాకాలం రాని అవకాశాలు మొదట, జంటగా తీయాల్సిన వాటిలో రెండో చిత్రం తర్వాత, ఎప్పుడైనా తీయగలిగేవి చివర. "శాస్త్రీయ ప్రాముఖ్యం 1 నుంచి 10" అని మార్కులు వేయించుకునే పద్ధతి ఉంది. అందరూ తమ టార్గెట్‌కు 9 వేసుకుంటారు, దాంతో తేలేది ఏమీ ఉండదు.

నౌక నియమాలను చెక్‌లిస్టుగా పెట్టుకోండి. 3 గంటల కక్ష్యలో విషువత్తు ప్రాంతంలో ప్రతి చుట్టుకూ దాదాపు 33 నిమిషాలు నీడ. అందులోంచి బయటికొచ్చిన వెంటనే పొడవైన రోల్ పెడితే బ్యాటరీ నిండక ముందే సౌర ఫలకాలు సూర్యుడి నుంచి పక్కకు తిరుగుతాయి. రోల్ దారిలో కెమెరా సూర్యుడి దగ్గరకు పోతుందేమో మొదలు, చివరలే కాదు, మధ్యలో కూడా చూడాలి. నౌకను తిప్పే చక్రాల వేగం తగ్గించడానికి థ్రస్టర్లు (చిన్న రాకెట్లు) కాల్చే పని ముఖ్యమైన చిత్రానికి ముందు పెట్టకండి. ప్రతి కాల్పూ కక్ష్యను కాస్త కదుపుతుంది, మీరు కష్టపడి 2 సెకన్లకు దించిన అనిశ్చితి మళ్లీ పెరుగుతుంది. చిత్రాలు అయ్యాక కాల్చి, ఆ తర్వాత కక్ష్యను మళ్లీ కొలవనివ్వండి.

కక్ష్య బాగా సాగదీసినదైతే ఆటే వేరు. మన మంగళయాన్ 2014 సెప్టెంబరు 24న చేరిన కక్ష్య సుమారు 422 కిమీ నుంచి 77,000 కిమీ దాకా, ఒక చుట్టుకు దాదాపు 73 గంటలు. దగ్గరి కొసన రంగుల కెమెరా పిక్సెల్ 20 మీటర్ల స్థాయి, కానీ నిమిషాల్లో దాటిపోతుంది. దూరపు కొసన పిక్సెల్ 4 కిమీ, అయితే గ్రహం మొత్తం ఒక్క ఫ్రేములో పడుతుంది, గంటలకొద్దీ తీరిక. అక్కడ దుమ్ము తుఫాన్ల కదలిక అడగాలి, డెల్టా అడగకూడదు.

గడ్డకట్టించడం, మళ్లీ తెరవడం

నిజమైన మిషన్లు దశలవారీగా బిగిస్తాయి. మార్స్ ఎక్స్‌ప్రెస్‌లో నెలల ముందు ప్లాన్, దాదాపు నెల ప్లాన్, వారం ప్లాన్ అని మూడంచెలున్నాయి. మీ రెండు వారాలకు రెండంచెలు చాలు. పది రోజుల ముందు ఏ చుట్టులో ఏ టార్గెట్, ఎంత డేటా అన్నది ఖాయం. ఆ తర్వాత కొత్త టార్గెట్ చేర్చడం ఉండదు, తీసేయడం మాత్రం ఉంటుంది. రెండు రోజుల ముందు తాజా కక్ష్యతో మొదలు సమయాలు, రోల్ కోణాలు, వరుస సమయాలు మాత్రమే మారతాయి. ఏ కమాండ్ పొడవూ పెరగకూడదు.

ఇప్పుడు నాలుగో మనిషి వంతు. అతను తుది ఫైలును మీ కోడ్‌తో కాకుండా విడిగా, వీలైతే జేమార్స్‌లో చూడాలి. ప్రతి పరిశీలనకూ పట్టీ నేల మీద ఎక్కడ పడుతోంది, రెండు కమాండ్ల మధ్య తిరగడానికి సమయం చాలుతోందా, పాస్ ముగిసే సరికి రికార్డర్‌లో ఎంత మిగులుతోంది: ఈ మూడూ కాగితం మీద రాయాలి. అతని అంకెకూ మీ అంకెకూ తేడా వస్తే ఎవరిది తప్పో తేలేదాకా ఫైలు పంపకూడదు. సగటు తీసి సర్దుకోవడం ఇక్కడ చెల్లదు.

చిత్రాలు "వచ్చాక" ఒక పట్టిక వేయండి: అడిగిన సమయం, జరిగిన సమయం, అడిగిన మధ్య బిందువు, దొరికింది, తేడా కిలోమీటర్లలో. సాధనలో దీనికి కక్ష్యను కావాలని 1.5 సెకన్లు పక్కకు జరిపి, అదే ప్లాన్‌ను మళ్లీ నడిపి చూడండి. డెల్టా పట్టీలోనే ఉంటే మీరు వదిలిన 2 సెకన్ల అంచు చాలింది. బయటికి జారితే ఎటు జారిందో చూడండి. జాడ వెంట జారితే అంచు తక్కువ పెట్టారు. ఆ జారడం 12 కిమీ దాకా ఉంటే మాత్రం ఆ రెండు అక్షాంశాల సంగతి మళ్లీ వెతకాలి, ఎందుకంటే ఈ కక్ష్యలో జాడ దాదాపు ఉత్తర దక్షిణంగానే సాగుతుంది.